ఆల్టో అందుకునే లోపు

“నాకన్నిటికంటే భయం ఒక్కటే సారూ. పిల్లోడు ఏడిస్తే నాకు వినపడకుండా పోతదేమోనని,” అన్నది రోజీ ఫోన్లో.

“చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే నీకెట్ల వినపడతదమ్మా? నాకు మాత్రం బాగా వినపడుతున్నాడు. అందుకే మళ్ళీ పాడి పంపమంటున్నా,” అన్నాడు దేవదానం సారు.

ఆయన రిటైరైన లెక్కల టీచరు. మార్కాపురంలో తమ చర్చి క్వయర్‌ని, అంటే పాటల బృందాన్ని, ముప్పై ఏళ్ళుగా నడిపిస్తున్నాడు. వచ్చే ఆదివారం ఆ చర్చికి నూరేళ్ళ పండుగ. నూట ముప్పయ్యో కీర్తనను లాటిన్‌లో, నాలుగు గొంతుల్లో వినిపించాలని ఆయన పంతం. లోతుల్లో పడిపోయిన మనిషి దేవుడికి మొరపెట్టుకునే కీర్తన అది. మూడు వందల ఏళ్ళ కిందట ఇటలీలో ఎవరో కట్టిన బాణీ. లాటిన్ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాసి అందరికీ పంచాడు. “ఈ భాష దేవుడికి అర్థమైతదా సారూ?” అని మంద్రంగా పాడే బేస్ వాళ్ళు ఎగతాళి చేస్తే, “మీ తెలుగే అర్థమైంది, ఇదెంతరా?” అన్నాడు.

పాడేవాళ్ళు తలా ఒక ఊళ్ళో ఉన్నారు. అందుకని ఎవరి వంతు వాళ్ళు ఇంట్లోనే పాడి వాట్సాప్‌లో పంపితే, ఆయన కంప్యూటర్లో కలుపుతున్నాడు. బేస్, టెనర్, సొప్రానో ఒకదాని వెంట ఒకటి అందుకుంటాయి. రోజీ పాడే ఆల్టో, ఆడగొంతుల్లో కింది స్థాయిది, అందరికంటే వెనక. అంతదాకా రోజీ ఇయర్‌ఫోన్లలో మిగతా గొంతులు వింటూ, ముప్పావు నిమిషం ఊరికే కూర్చుని తాళం దెబ్బలు లెక్కపెట్టుకోవాలి. ఏడుపు వినిపించేది ఆ ముప్పావు నిమిషంలోనే.

“నీ కొడుకు తాళం తెలిసినోడమ్మా! నువ్వందుకోగానే టక్కున ఆగిపోతాడు,” అని నవ్వాడు సారు.

రోజీ కూడా నవ్వింది. “ఆ ఖాళీ ముక్క కోసెయ్యండి సారూ.”

“ఆ ఖాళీ కూడా పాటేనమ్మా. మిగతా మూడు గొంతులూ వినేది అక్కడే. నువ్వు ఊపిరి పీల్చుకునేది కూడా వినపడాల.”

“పోనీ నేను మానేస్తా. ఇంకెవురితోనన్నా పాడించండి.”

“నువ్వు లేకపోతే ఈ పాటకు నడుమే లేదు. శుక్రవారం లోపల శుభ్రంగా ఒక్కసారి పాడి పంపు, చాలు.”

రోజీ తర్లుపాడు దగ్గర ఊళ్ళో అత్తగారింట్లో ఉంటుంది. ఇంటర్ సగంలో ఉండగా పెళ్ళైంది. భర్త క్రాంతి కుమార్ బెంగుళూరులో సెంట్రింగ్ పని చేస్తాడు. కొడుక్కి ఏడు నెలలు. కాన్పైనప్పటి నుంచి, బిడ్డకు గాలి తగులుతుందని, ఎండ తగులుతుందని, దిష్టి తగులుతుందని అత్త ఆమెను గడప దాటనివ్వలేదు. ఆమెకని మిగిలింది ఈ పాట ఒక్కటే.

సారు ఆ సాయంత్రమే అత్త రాహేలుకు ఫోన్ చేశాడు. “బిడ్డను కొంచెం అవతలికి తీసుకపో రాహేలమ్మా, రోజీ పాడుకుంటాది.”

“అట్లనే సారూ. దేవుని పని గదా!”

మంగళవారం రాహేలు మనవణ్ణి ఎత్తుకుని వీధి చివర శ్రీశైలమ్మ ఇంటికి పోయింది. వెనక గదిలో ఫ్యాను ఆపి, కిటికీ మూసి, రోజీ దుప్పటి కప్పుకుని పాడింది. ఎవరూ తోసుకుని పోకుండా రాహేలే బయట గొళ్ళెం పెట్టి పోయింది.

రికార్డింగు వచ్చింది. మళ్ళీ అదే ఏడుపు. ఈసారి సన్నగా, దుప్పటి కింద నుంచి వచ్చినట్టు.

“ఇంకా వినపడతా ఉందా?” సారు ఫోన్ చేస్తే రాహేలు నొచ్చుకుంది. “ఆ చివరి నుంచి ఈ చివరికి వినపడే గొంతంటే, వీడు తాతను మించిన బోధకుడైతాడు సారూ! ఉండండి, నా కూతురొస్తాంది. నాలుగు రోజులు వాళ్ళూరు కొనకనమిట్లకు తీసుకపొమ్మంటా.”

ఫోన్లో వెనక నుంచి రోజీ గొంతు వినపడింది. “వద్దత్తా. వాణ్ణి పంపొద్దు.”

“పోతపాలు తాగుతాడులే. నాలుగు రోజులకేంది? సారు నిన్ను నమ్ముకున్నాడు,” అని కసిరింది రాహేలు. ఆమె కసురులో ప్రేమ ఉందని సారుకు తెలుసు. చర్చిలో కోడలి గొంతు గురించి అందరికీ చెప్పుకునేది ఆమే.

“పంపడం ఎందుకు, నేనే సర్దుకుంటా సారూ,” అంది రోజీ ఫోన్ దగ్గరికొచ్చి. “ఏడుపు రాకుండా చూసుకుంటా.”

“పసిబిడ్డ నీ మాటింటాడా అమ్మా? పంపిచ్చు. ఆదివారమే వచ్చేస్తాడు గదా.”

రోజీ ఫోన్ అత్తకిచ్చేసింది.

గురువారం ఏమీ రాలేదు. శుక్రవారం పొద్దున పదకొండింటికి రికార్డింగు వచ్చింది. సారు తలుపు వేసుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మిగతా మూడు గొంతుల్నీ ఆపేసి ఆల్టో ఒక్కటే విన్నాడు. పాట నిక్కచ్చిగా ఉంది. ఇంత బాగా ఆమె ఎన్నడూ పాడలేదు. కానీ దానికి ముందున్న ముప్పావు నిమిషం మొదటి నుంచి చివరిదాకా ఏడుపే. ఆయన గట్టిగా ఊపిరి వదిలి రాహేలుకు ఫోన్ చేశాడు.

“పంపిస్తామన్నారు గదమ్మా. ఇంకా పంపలేదా?”

“అయ్యో, బుధవారమే పంపినాం సారూ! ఇప్పుడే వీడియోలో చూసినా, కొనకనమిట్లలో ఊయలలో నిద్రపోతన్నాడు.”

“ఇంట్లో ఇంకెవరైనా పిల్లలుండారా?”

“ఈ ఇంట్లో నేనూ రోజీ తప్ప పురుగు లేదు. నేను పొద్దున్నుంచి అరుగు మీదే కూర్చున్నా, ఎవురినీ రానియ్యలా. ఆ పిల్ల ఇంకా గదిలోనే ఉంది.”

సారు హెడ్‌ఫోన్లు మళ్ళీ పెట్టుకుని ఆ ముప్పావు నిమిషం ఇంకోసారి విన్నాడు.

“సారూ? లైన్లో ఉండారా? మళ్ళీ పాడమనాల్నా?”

“వద్దు. లోపలికి పోయి రోజీని చూడమ్మా, ఏడ్చేది ఆ పిల్లే.”