నాలుగు కోర్ల మీద నింద

కంప్యూటరు నెమ్మదించిందంటే ప్రాసెసరు పాతబడినట్టేనని లోకం నమ్ముతుంది. కాలేజీలో తర్కశాస్త్రం చెప్పి, మూఢనమ్మకాలను ఖండించి రిటైరైన హార్లన్ కూడా నమ్మాడు. ఎనిమిది కోర్ల కొత్త ప్రాసెసరు డబ్బా సీలు మీద గోరు ఆనించాడు.

“ఆగు. సీలు చింపితే షాపువాడు వెనక్కి తీసుకోడు,” అంది భార్య లోర్నా. “సాయంత్రం అమ్మ తొంభయ్యో పుట్టినరోజు. ఆవిడ కోసం చేస్తున్న వీడియో సగంలో ఉంది. ఇప్పుడు ఈ కంప్యూటరు పొట్ట విప్పితే అమ్మకి ఏం చూపించను, స్క్రూలా?”

“ఆ వీడియో నత్తనడక నడుస్తోందనేగా నీ గోల? పాపం, ఈ పాత ప్రాసెసరు నాలుగు కోర్లకీ ఊపిరాడటం లేదు. దీనికి వయసైపోయింది.”

“నీకూ అయింది. నిన్ను మార్చానా? ఆధారం చూపించు. నేను రాశిఫలాలు చదివినప్పుడల్లా నువ్వడిగేది అదేగా.”

ఆ మాటకు హార్లన్ డబ్బా పక్కన పెట్టాడు. ఏయే ప్రోగ్రాములు ప్రాసెసరును ఎంతెంత వాడుకుంటున్నాయో తెరమీదకు రప్పించాడు. అన్నిటికన్నా పైన మూడు పేర్లు కనిపించాయి.

“ఎవరివవి?”

“నావే.”

“ఏం చేస్తాయి?”

“ప్రాసెసరు ఎంత నెమ్మదిగా ఉందో క్షణక్షణం కొలుస్తుంటాయి.”

“దానికి మూడెందుకు?”

“ఒకదాని మాట మీద నమ్మకం లేక.”

లోర్నా నవ్వలేదు. నవ్వినా బాగుండేదనుకుంటూ హార్లన్ మూడింటినీ ఆపేశాడు. వీడియో సాఫీగా కదిలింది.

సాయంత్రం చర్చి హాల్లో అత్తగారు దాన్ని రెండుసార్లు వేయించుకుని చూసింది. మర్నాడు డబ్బా సీలుతోనే షాపుకు తిరిగి వెళ్లింది.