కెమెరా కింద చేతులు

కొత్తగా చేరిన డెల్ఫీన్ కత్తిరించిన మొగ్గను రాక్సాన్ బల్ల మీదికి విసిరికొట్టింది.

ఒకవైపు ఆకు అలాగే ఉంది. రెండోవైపు ఆకుతోపాటు మొగ్గ కూడా తెగిపోయింది.

"నీకు కత్తెర పట్టడం ఎవరు నేర్పారు తల్లీ? గొర్రెల బొచ్చు గొరిగేవాళ్లా?"

బల్లంతా నవ్వింది.

గంజాయి సాగుకు అనుమతి ఉన్న హంబోల్ట్ కొండల్లో పంట ఇంటికొచ్చే రోజులవి. తోట యజమాని కర్టిస్ షెడ్డులో ఎనిమిదిమంది ఆడవాళ్లు మొగ్గల చుట్టూ ఆకు తీస్తున్నారు. పని బాగుంటేనే వచ్చే ఏడు మళ్లీ పిలుపు.

రాక్సాన్ ఇంకో మొగ్గ తీసుకుంది. అలవాటుగా కాడను రెండుసార్లు తట్టి, తిప్పి, నున్నగా కత్తిరించి చూపించింది.

డెల్ఫీన్ చూసింది. మరో మొగ్గ పాడుచేసింది.

బల్లకు పైన కొత్త కెమెరా ఉంది. దొంగతనాలు పట్టడానికని కర్టిస్ చెప్పాడు. మొదటిరోజే డెల్ఫీన్ దానికి తన టోపీ తగిలిస్తే, మనల్ని దొంగలనుకుంటాడని రాక్సాన్ లాగి పారేసింది.

నాలుగోరోజు రాక్సాన్ కర్టిస్ దగ్గరికి వెళ్లి, తామో ఆ మనిషో తేల్చుకొమ్మంది.

కర్టిస్ డెల్ఫీన్‌ను పంపేశాడు.

డెల్ఫీన్ కత్తెర తుడిచి సంచిలో వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగింది.

"ఇంత బాగా కత్తిరించకండమ్మా."

"కుళ్లు చూడు," అంది రాక్సాన్.

వెళ్లొస్తానన్న మాటకు ఎవరూ తలెత్తలేదు.

మరుసటి ఏడు పిలుపు రాలేదు. రాక్సాన్ మండిపడుతూ తనే వెళ్లింది.

షెడ్డులో బల్ల లేదు. ఇనుప చేతులున్నాయి. ఒక చెయ్యి మొగ్గను అందుకుని, కాడను రెండుసార్లు తట్టి, తిప్పి, కత్తిరించింది.

రాక్సాన్ ఒళ్లంతా భగ్గుమంది.

"అది నా చెయ్యి. ఎవడిచ్చాడు మీకు?"

యంత్రం దగ్గరున్న ఇంజనీరు నొచ్చుకోలేదు. కెమెరాలో వాళ్ల బల్లను చూసే ఇది పని నేర్చుకుందని చెప్పాడు. ఒక్కామె చేతులు మాత్రం పనికిరాలేదట. అలాంటివాళ్లు ఇంకో నలుగురుంటే యంత్రం తప్పుడు పనే నేర్చుకుని మూలనపడేదట.

"డెల్ఫీనా? దానికి కత్తెర పట్టడమే రాదు."

అతను తల అడ్డంగా ఊపాడు. యంత్రం సంగతి ఎవరికీ చెప్పనని ఆమె అంతకుముందే తమ కంపెనీకి సంతకం పెట్టి ఇచ్చిందన్నాడు.

"ఇంకో తోటలో మా మొదటి యంత్రం పని నేర్చుకున్నది ఆమెను చూసేనండీ. ఆ తోటలో మొదట పని పోయిందీ ఆమెకే."