నిన్నటి కచేరీ

మధ్యాహ్నమైనా డెరెక్ కోపం చల్లారలేదు. బర్మింగ్‌హామ్ పబ్బులో గ్లెనిస్ ఎదుట కూర్చుని ఆ ముసలి రాక్ గాయకుణ్ని తిడుతూనే ఉన్నాడు.

"చివరి మూడు ఆల్బమ్‌లూ పరమ చెత్త. అయినా భరించాను. నిన్న మాత్రం అసహ్యమేసింది! తనకు పేరు తెచ్చిన పాటలోనే నోరు మూసుకుని నిలబడతాడా? అందుకే లేచి ఛీ కొట్టాను. హాలంతా నాతో కలిసింది."

యవ్వనం నుంచీ డెరెక్‌తో కలిసి ఆ గాయకుడి బ్యాండ్ కచేరీల వెంట తిరిగిన గ్లెనిస్, బీరు ముట్టలేదు.

"నేను ముందు వరుసలో ఉన్నాను కదా డెరెక్. పాట ఆపి నా వైపు వంగాడు."

"ఏమన్నాడు?"

"'పాట భలే ఉందమ్మా, ఎవరిది?' అన్నాడు. ఇంతలో నీ కేక వినపడింది. మెచ్చుకుంటున్నావనుకుని, నవ్వుతూ నీకు చెయ్యి ఊపాడు."