డ్యామ్ ఎక్కడండీ?

కారు మూడోసారి అదే పత్తి చేను దగ్గరికి వచ్చేసరికి కోటేశ్వరికి అందులోని దిష్టిబొమ్మ బాగా ఎరిగున్న మనిషిలా అనిపించింది. ఈసారి దానికి చెయ్యి కూడా ఊపింది.

"ఏమండీ, డ్యామ్ ఎక్కడండీ?"

"ఇక్కడే ఎక్కడో ఉండాలి," అన్నాడు వీరాంజనేయులు, కర్చీఫుతో మెడ తుడుచుకుంటూ.

వెనక సీట్లో ఆమె తల్లి సుబ్బరావమ్మ ఒళ్ళో పసుపు, కుంకుమ, జాకెట్టు ముక్క పెట్టుకుని కూర్చుంది. కాలవలో నీళ్ళొచ్చి మిరపతోట బతికితే డ్యామ్ దగ్గరికే వెళ్ళి గంగమ్మకు సారె ఇస్తానని మొక్కుకుంది. తోట బతికింది. అల్లుడే "దారి బాగాలేదు, పాములుంటాయి" అంటూ దాటేస్తూ వచ్చాడు. ఇవాళ కూడా మొక్కు తీరకపోతే ఇక అత్తగారింట్లో ఆయన మాట చెల్లదు.

పొద్దున వినుకొండలో మాత్రం ఆయన దారి తడుముకోలేదు. టీకి ఆగితే పేకాట క్లబ్బు వాచ్‌మన్ పరుగున వచ్చి సెల్యూట్ కొట్టాడు. మెట్ల మీంచి ఎవరో "రండి సార్, ఒక చెయ్యి తక్కువైంది!" అని కేకేశారు.

"మీకిక్కడ ఇంతమంది తెలుసా!" అని కోటేశ్వరి మురిసిపోయింది.

ఆకలికి ఆగలేక, అడవి కొండల నడుమ ఒక గడ్డి గుట్ట కనిపిస్తే దాని వాలు మీదే దుప్పటి పరిచారు. పులిహోర డబ్బా దొర్లింది. దాని వెనక వీరాంజనేయులు, ఆయన వెనక ఆయన చెప్పు. తల్లీకూతుళ్ళు పడీ పడీ నవ్వారు. మూత గట్టిది కాబట్టి పులిహోర దక్కింది.

"గేట్లూ, సిమెంటు గోడా కనిపిస్తే అదే డ్యామ్," అన్నాడాయన, ఒగరుస్తూ.

తిన్నాక సుబ్బరావమ్మ, చెయ్యి కడుక్కోవడానికి ఏ గుంటైనా దొరుకుతుందేమోనని గుట్ట పైకెక్కింది. ఎక్కి, కెవ్వుమంది.

"ఒసేయ్ కోటీ! ఇటు రావే! నీళ్ళే నీళ్ళు!"

అవతల కొండలదాకా ఒకటే నీలం. గాలికి పైటలు నిలవడంలేదు. పొద్దుట్నించీ వెతుకుతున్న డ్యామ్ మీదే కూర్చుని పులిహోర తిన్నామని అర్థమై కోటేశ్వరికి నవ్వు ఆగలేదు.

సుబ్బరావమ్మ సారె నీళ్ళలో వదిలి దణ్ణం పెట్టుకుంది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, తాపీగా ఇటు తిరిగింది.

"అయితే అల్లుడుగారూ, ఆరేళ్ళు ఎండనక వాననక దగ్గరుండి ఈ కట్ట కట్టించిన ఇంజినీరు మీరేనా?"