తొమ్మిది పళ్ళు

"ఏటి బాబూ, ఇన్ని పళ్ళు?"

"డైనోసార్ పళ్ళు. కోట్ల ఏళ్ళనాటివి. ముట్టుకోకు."

చేపలమ్మే ముసలామె అప్పటికే ముట్టుకుంది. నారాయణమూర్తికి చిర్రెత్తుకొచ్చింది. భార్య ఉష చేపలు బేరమాడి, గిన్నె కోసం లోపలికి వెళ్ళింది. ఈవిడ చూస్తే వరండాలోకి వచ్చి బల్ల మీదికి వంగింది.

"అన్నీ కావు బాబూ. కొన్ని సొరచేప పళ్ళు."

ఆ మాట ఆయనకు సూదిలా గుచ్చుకుంది. విజయనగరంలో రిటైరైన బ్యాంకు మేనేజరు ఆయన. ఇరవై ఏళ్ళుగా ఎక్కడెక్కడినుంచో తెప్పించి పోగేసిన నలభై పళ్ళవి. రేపు మ్యూజియం నుంచి యుగంధర్ అనే నిపుణుడొచ్చి, నలభై పళ్ళూ డైనోసార్‌వే అని సంతకం పెడితే, అక్కడ ఒక గది ఆయన పేరున తెరుస్తారు. ఆహ్వాన పత్రికలు కూడా అచ్చయిపోయాయి.

"నువ్వేమన్నా చదువుకున్నావా?"

"నేదు బాబూ. తడిమి సూడండి. సొర పన్ను ఒక పక్క సదునుగా ఉంటాది, ఇంకో పక్క ఉబ్బుంటాది. వేరు ఇరిగిపోనాది గానీ, రాయయిపోనా సొర సొరే."

అంటూనే బొటనవేలితో తొమ్మిది పళ్ళు పక్కకు లాగింది.

అరికాలి మంట నెత్తికెక్కింది ఆయనకు. గుమ్మంలో ఉన్న తట్టను కాలితో నెట్టాడు. రెండు చేపలు నేలమీద పడ్డాయి.

"ఎత్తు. మళ్ళీ ఈ వీధిలో కనిపించావంటే మర్యాద దక్కదు."

ఆమె చేపలు ఏరుకుని, కొంగుతో తుడిచి తట్టలో వేసుకుంది.

"బువ్వెట్టే తట్ట బాబూ. కాలెట్టకూడదు. ఇంక రాన్లెండి."

ఉష గిన్నెతో వచ్చేసరికి ఆమె వీధి మలుపు తిరిగిపోయింది.

"అయ్యో, అసిరమ్మేదండీ?"

"తగుదునమ్మా అని నాకే పాఠం చెప్పొచ్చింది. తరిమేశాను."

"మీ కోపం తగలెయ్యా. ఆ పెద్దావిడ మీదా?"

ఆమె లోపలికి వెళ్ళాక, ఆయన ఆ తొమ్మిదిలో ఒక పన్ను తీసి తడిమాడు. ఒక పక్క చదునుగానే ఉంది. దాంతో కోపం ఇంకా పెరిగింది. తొమ్మిదింటినీ మిగతావాటిలో కలిపేశాడు.

మర్నాడు యుగంధర్ భూతద్దంతో గంటసేపు చూశాడు. తొమ్మిది పళ్ళు పక్కన పెట్టాడు. అవే తొమ్మిది.

"ముప్పై ఒకటికి సంతకం పెడతానండీ. వీటి మీద అనుమానం. వేరు లేదు, అరిగిపోయాయి. తేలేదాకా గది సంగతి ఆపాల్సిందే."

"నిపుణులు మీరే తేల్చకపోతే ఇంకెవడు తేలుస్తాడు?" గయ్యిమన్నాడు నారాయణమూర్తి.

యుగంధర్ ఏమీ అనుకోలేదు.

"నాకు పన్ను పట్టుకోవడం నేర్పిన మనిషి ఒకరున్నారు. మా మ్యూజియంలో సొర పళ్ళన్నీ ఏరిపెట్టింది ఆవిడే. ఆవిడ ఏది చెబితే దానికి కళ్ళు మూసుకుని సంతకం పెడతాను."

"ఎక్కడుంటారు? హైదరాబాదా, కలకత్తానా?"

"అంత దూరం అక్కర్లేదండీ, భోగాపురం నుంచి రోజూ చేపల తట్టతో మీ ఊరే వస్తుంది, అసిరమ్మ అని అడగండి."