ఐదో మనిషి

“మళ్లీ మీరేనా తాతగారూ?”

“మళ్లీ నేనే బాబూ,” అంటూ పెద్దాయన బస్సెక్కి, వెనకాల కిటికీ పక్కన కూర్చున్నాడు. మడత నలగని ఇస్త్రీ చొక్కా, ముక్కు మీదికి లాగి కట్టిన మాస్కు.

డ్రైవరు పళ్లు నూరుకున్నాడు.

లాక్‌డౌన్ పెట్టి అప్పటికి పన్నెండు రోజులు. ఊరంతా తలుపులు బిగించుకుంది. ఆ రోడ్డు మీద ఈ బస్సు తప్ప ఇంకో చక్రం తిరగడం లేదు.

డిపోలో మొదటిరోజే చెప్పారు. “వచ్చేవాళ్లు రండి. భయమైతే సెలవు పెట్టుకోండి. బలవంతం లేదు.”

ఆ సాయంత్రం డ్రైవరు ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. భార్యకు ఏడో నెల.

“సెలవు పెట్టేస్తా. నేను తిరిగి తిరిగి నీకు అంటిస్తే?”

“ఇంతకీ నీ బస్సెక్కేది ఎవరు?”

“నలుగురు నర్సులు. పెద్దాసుపత్రికి.”

“నువ్వు సెలవు పెడితే వాళ్లెలా పోతారు?”

“నడిచి.”

భార్య పొట్ట మీద చెయ్యేసుకుంది. “రెండు నెలలు పోతే నేనూ ఆ ఆసుపత్రికే పోవాలిగా. అప్పుడు బిడ్డకేం చెప్పను? నర్సమ్మలు నడిచొస్తున్నారు, కాస్త ఆగు నాయనా అనా?”

డ్రైవరుకు నవ్వాగలేదు. వాదన అక్కడితో సరి. మర్నాటి నుంచి పెరట్లో స్నానం, ముందు గదిలో పడక, తెల్లారితే డ్యూటీ.

నర్సుల కోసం తెగించినందుకు అతనికి బాధ లేదు. బాధంతా ఈ పెద్దాయనతోనే. మొదటి స్టాపులో ఎక్కుతాడు. ఆసుపత్రి దాటి చివరి స్టాపు దాకా వస్తాడు. దిగడు. అదే బస్సులో వెనక్కి వచ్చేస్తాడు.

“రోజూ ఎక్కడికి తాతగారూ?”

“ఊరికే బాబూ.”

పదమూడో రోజు డ్రైవరుకు ఒళ్లు మండింది. పెద్దాయన్ని మెట్టు మీదే ఆపేశాడు.

“కడుపుతో ఉన్న మనిషిని ఇంట్లో పెట్టుకుని బండి తోలుతున్నా. మీరేమో షికారు చేస్తున్నారు. మీ వయసుకి ఇది ఎంత ప్రమాదమో తెలుసా? ఇంకెప్పుడూ రావద్దు.”

పెద్దాయన తడబడ్డాడు. “నేను ఎక్కకపోతే బస్సుకి మంచిది కాదు బాబూ...”

“ఏం, మీరేమన్నా ఇంజినా?”

లోపల నర్సులు పకపకా నవ్వారు. పెద్దాయన కూడా నవ్వి, మెల్లగా దిగిపోయాడు.

మర్నాడు సాయంత్రం డిపోలో కంట్రోలరు పిలిచాడు.

“రేపటి నుంచి నీ ట్రిప్పు రద్దు. హాయిగా ఇంట్లో పడుకో.”

“రోగం తగ్గిందా అన్నా?”

“రోగం కాదు, నీ జనం తగ్గారు. ఐదుగురికి తక్కువెక్కితే ట్రిప్పు ఎత్తేయాలని పాత రూలొకటి ఉంది. ఇన్నాళ్లూ నీకు సరిగ్గా ఐదుగురు. రెండ్రోజులుగా నలుగురే. ఐదో మనిషిని తెచ్చుకో, మళ్లీ నడుపుకో.”

డ్రైవరు బస్సు తాళాలు బల్ల మీద పెట్టి ఇంటిదారి పట్టాడు.

తెల్లారాక భార్య కిటికీ దగ్గర నిలబడి పిలిచింది. “ఇటు చూడు. నీ నర్సమ్మలు.”

నలుగురూ చేతిసంచులు భుజాన వేసుకుని, నడిరోడ్డు మీద నడిచి పోతున్నారు. ఒకామె తెగిన చెప్పును చేత్తో పట్టుకుంది.

డ్రైవరు చొక్కా గుండీలు పెట్టుకుంటూనే పరుగెత్తాడు.

“అక్కా! ఆ తాతగారి ఇల్లు ఎక్కడో తెలుసా?”

“పోస్టాఫీసు వెనక సందు. నీలం గేటు.”

గేటు బయట నిలబడే చేతులు జోడించాడు.

“తాతగారూ, తప్పైపోయింది. మీరు బస్సెక్కాలి.”

వరండాలో కూర్చున్న పెద్దాయన చటుక్కున లేచాడు. “బూట్లు వేసుకోనా?”

“ఇప్పుడు కాదు తాతగారూ, రేపు పొద్దున! అయినా ఆ రూలు సంగతి మీకెలా తెలుసు? డ్రైవర్ని, నాకే తెలీదు.”

“పాతవాణ్ణి కదా బాబూ. పాత సంగతులు తెలుస్తుంటాయి.”

మర్నాడు పెద్దాయన మెట్టెక్కగానే నర్సులు చప్పట్లు కొట్టారు.

“ఇంజినొచ్చింది, పోనీ అన్నా!”

ఖాళీ రోడ్ల మీద ఆ బస్సు ఊరేగింపులా సాగింది. ఒక నర్సు పాటందుకుంది. తక్కిన ముగ్గురూ తాళం వేశారు. వెనక సీట్లోంచి పెద్దాయన శ్రుతి తప్పిన గొంతు కలిపాడు. ఆ రోజే కాదు, ఆ తర్వాత రోజూ అదే సందడి.

ఇంకో పది రోజులకు కంట్రోలరు ఒక కాగితం ఊపుతూ ఎదురొచ్చాడు.

“నీ నెత్తిన పాలు పోశారోయ్! ఆ రూలు కొట్టేశారు. ఇక ఒక్కరెక్కినా బస్సు నడవాల్సిందే. ఎవరో రిటైరైన పెద్దాఫీసరట, రోజుకో ఉత్తరం రాసి పైవాళ్ల ప్రాణం తోడేశాడట.”

డ్రైవరు బస్సును తిన్నగా పోస్టాఫీసు దగ్గరికి తోలాడు. సందులోకి దూకి, నీలం గేటు దగ్గర కేకేశాడు.

“తాతగారూ! మీరిక రిస్కు చేసి రానక్కర్లేదు. ఆ రూలు కొట్టేశారు!”

“చల్లటి మాట చెప్పావు బాబూ,” పెద్దాయన మొహం విప్పారింది.

“కొట్టేయించినాయన ఎవరో గానీ చల్లగా ఉండాలి. అసలు ఆ రూలు రాసిన వాడున్నాడు చూడండి, వాడికి బస్సంటే ఏంటో కూడా తెలీదు!”

“నిజమే బాబూ,” అన్నాడు పెద్దాయన, “అది రాసిననాటికి నేను ఒక్కసారి కూడా బస్సెక్కలేదు.”