తోడు పరీక్ష

దుర్గయ్య జొన్నరొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, నమిలి నమిలి, పళ్ళెం పక్కకు జరిపాడు. మింగుడు పడటంలేదన్నాడు. ఇలా నెల దాటింది.

అతని భార్య తారాబాయికి గుబులు పట్టుకుంది. కామాఠిపురాలోని వరుసగదుల చాల్‌లో, ఆ ఒంటిగదిలో ఉండేది ఇద్దరే. అతని కోసం పూటపూటా జావ కాచి, వేరే వండటమెందుకని తనూ అదే తాగుతోంది. కాల్చిన పొగాకు పొడితో ఏళ్ల తరబడి తోమి ఆమె పళ్ళూ కదిలాయి. అంతకు ముందు నుంచే తనకు రొట్టె దిగనిది అందుకేనని ఆమె లెక్క; దుర్గయ్య అడిగినా అదే చెప్పేది.

దవఖానా అంటే ఆమెకు వణుకు. అక్కడికి పోయిన తల్లి తిరిగి రాలేదు. అయినా మొగుడి కోసం గుండె రాయి చేసుకుని బయల్దేరింది.

అక్కడ డాక్టర్ దివ్య అన్నవాహిక క్యాన్సర్ మీద పరిశోధన చేస్తోంది. పోల్చి చూడటానికి ఇంట్లో అదే తిండి తినే మనిషి రక్తం కూడా కావాలంది. తారాబాయి జంకింది. ఆమె ఇవ్వకుంటే తనూ ఇవ్వనని దుర్గయ్య మొండికేశాడు.

“నా రక్తంల ఏం కనబడ్తది బిడ్డా?” అంటూనే చెయ్యి చాపింది.

“కణాల్లో మైక్రో ఆర్ఎన్ఏలని సన్నటి తునకలుంటయమ్మా. ఏ పని సాగాలె, ఏది ఆగాలె అని అదుపు చేస్తయి. క్యాన్సర్ మొదలైతే కొన్ని పెరుగుతయి, కొన్ని తగ్గుతయి. ఆ తేడా రక్తంల దొరుకుతదేమోనని చూస్తున్నం. ఖాయంగ చెప్పాలంటే మాత్రం కెమెరా గొట్టం వెయ్యాల్సిందే.”

కొన్నాళ్లకు దివ్య ఇద్దర్నీ పిలిపించింది. రక్తంలో తేడా కనిపించిందని, ఇద్దరికీ గొట్టం వేసి చూస్తే మంచిదని చెప్పింది. అతనికి ధైర్యంగా ఉంటుందని తారాబాయి దానికీ ఒప్పుకుంది.

రిపోర్టు వచ్చిన రోజు దివ్య ఆమెను ఒక్కదాన్నే లోపలికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుంది.

“క్యాన్సర్ మచ్చ మీకుందమ్మా. మొదట్లనే దొరికింది. పెద్ద ఆపరేషన్ లేకుంట గొట్టంతోనే తీసెయ్యొచ్చు.”

 తారాబాయి మొగుడి సంగతి అడిగింది. అతనికి ఏ దోషమూ లేదంది దివ్య.

బయట బెంచీ మీద దుర్గయ్య తలవంచుకుని ఉన్నాడు. మచ్చ సంగతి, తీసెయ్యొచ్చన్న మాట ఆమె నోట వినగానే అతని భుజాలు వదులయ్యాయి. ఆమె అతని పక్కన కూలబడింది.

“నీకేం లేదంట. మరి రొట్టె ఎందుకు దిగలే?”

అతను ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

“నాకోసమైతేనే నువ్వు దవఖానకొస్తవని.”